కొత్తవాడలో తల దించుకోకూడదు

వరంగల్ వెళ్ళొచ్చానని తెలియగానే మా మధిరలో ప్రతివాడూ అడిగింది ఒకటే: "వేయి స్తంభాల గుడి చూశారా?" చూడలేదు. భద్రకాళి చెరువు? అదీ చూడలేదు. మూడు రోజులుండి మరేం చూశావయ్యా అంటే, మా చెల్లెలి మొహం చూశాను. దానికే మూడు రోజులూ పట్టాయి. గుళ్ళ గురించి రాసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. నేను చూసింది వాళ్ళెవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను.

మా చెల్లెలు రత్నం పుట్టు చెవిటి. నాకంటే పద్నాలుగేళ్ళు చిన్నది. పదో ఏట దాన్ని మిషన్‌వాళ్ళ బధిరుల బడిలో వేశాం. అక్కడే పెరిగి, తనలాగే వినపడని యోహానును పెళ్ళాడి, వరంగల్ కొత్తవాడలో స్థిరపడింది. యోహాను దర్రీలు నేస్తాడు. మనం జంపఖానాలంటామే, అవి. వాళ్ళకు ఒకతే కూతురు, సుగుణ. ఆ పిల్లకు చెవులు శుభ్రంగా వినపడతాయి. ఇంట్లో చేతుల భాష, వీధిలో నోటి భాష, రెండూ ఉగ్గుపాలతో వచ్చాయి.

ఇరవయ్యారేళ్ళ కిందట మా నాన్న పోయాడు. మట్టి చేసిన మర్నాడు రత్నం, యోహాను వచ్చారు. ఆ సాయంత్రం మా ఇంట్లో ఆదరణ కూడిక. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టగానే అందరం కళ్ళు మూసుకున్నాం. కాసేపటికి గాజుల చప్పుడు వినిపించి నేను కళ్ళు తెరిచాను. రత్నం చేతులు ఆడుతున్నాయి. ఊరి పెద్దలందరి మధ్య, నాన్న కోసం ప్రార్థన జరుగుతుంటే, మొగుడితో కబుర్లు! నాకు తల కొట్టేసినట్టయింది. దాని మణికట్లు రెండూ పట్టుకుని 'ఆమేన్' అనేదాకా వదల్లేదు. తెల్లారి బండికి అది వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. నేనూ వెళ్ళలేదు. పెద్దవాణ్ణి, నేనెందుకు వెళ్ళాలి?

నిరుడు నా గొంతుకు ఆపరేషనైంది. పది రోజులు నోరు మెదపకూడదన్నారు. దాహమేసి చేత్తో సైగ చేస్తే మా కోడలు, పాపం ప్రేమతోనే, "మీరు కదలకండి మావయ్యా, పడుకోండి" అని నా చేతులు రెండూ దుప్పటి కిందికి తోసేసి పైన తన చెయ్యి పెట్టింది. అరుద్దామంటే గొంతు లేదు, చూపిద్దామంటే చేతుల్లేవు. అంత కోపం నాకు జన్మలో రాలేదు. అది చల్లారేసరికి అర్ధరాత్రయింది. అప్పటికి రత్నం మణికట్లు గుర్తొచ్చాయి.

నాలుగో తరగతితో బడి మానేసినవాణ్ణి. పొట్లాల కాగితాలు చదివి తెలుగు, పాత పుస్తకాలు చూసి రేడియో రిపేరు నేర్చుకుని నలభై ఏళ్ళు బతికాను. ఒకరి దగ్గర నేర్చుకోవాల్సిన అవసరం రాలేదని గర్వంగానే ఉండేవాణ్ణి. ఇది మాత్రం నేర్పించుకోవాల్సివచ్చింది.

సుగుణ నంబరు సంపాదించి ఫోన్ చేశాను. "రా మామయ్యా," అంది. "అమ్మకు చెప్పిన. రమ్మనలే, వద్దనలే."

తలుపు ముందు

స్టేషన్ నుంచి కొత్తవాడకు ఆటో డెబ్బై రూపాయలన్నాడు, అరవైకి వచ్చాడు. సన్న సందులు, ప్రతి రెండో ఇంట్లో మగ్గం చప్పుడు. సుగుణ చెప్పిన గుర్తుల ప్రకారం ఆకుపచ్చ తలుపు దొరికింది. కొట్టాను. మళ్ళీ కొట్టాను. లోపల మనుషులు తిరుగుతున్న నీడలు కనిపిస్తున్నాయి గానీ తలుపు తీసేవాడు లేడు. శుక్రవారం వస్తున్నానని చెప్పి మరీ వచ్చిన మనిషిని ఎండలో నిలబెడతారా అని చేతికర్రతో కూడా నాలుగు తగిలించాను. చెవిటివాళ్ళింటి తలుపును కర్రతో కొట్టే తెలివి గలవాణ్ణి నేను.

ఎదురింటి అరుగు మీద కండెలు చుడుతున్న పెద్దావిడ పడీ పడీ నవ్వింది. "ఓ తాతా! నువ్వు దర్వాజ పలగ్గొట్టినా ఆళ్ళకు ఎర్కగాదు. గా పక్కన స్విచ్చున్నది సూడు, జర ఒత్తు. లోపల బల్బు ఎలుగుతది."

నొక్కాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "రత్నమ్మ అన్నవా? ప్రార్థనల చేతులు పట్టుకున్న అన్నవు నువ్వేనా?" అంది.

"మీకెవరు చెప్పారమ్మా?"

"ఎవలు చెప్పుడేంది? ఇరవై ఏండ్ల సంది ఎదురుంగ ఉంటాన్న. ఆళ్ళ చేతులు నాకు సగం తెలుస్తయ్."

వీధి వీధంతా నన్ను ఎరుగునన్నమాట. తలుపు తెరుచుకుంది. యోహాను. వయసులో నాకంటే చిన్నవాడే అయినా మొదటినుంచీ బావా అనే అంటాను. పైనుంచి కిందిదాకా చూసి చేతులు ఆడించాడు. అప్పుడే బజారు నుంచి వస్తున్న సుగుణ గొంతు నా వెనక నుంచి వినిపించింది: "ముసలోనివైనవ్. పండ్లు ఊడినయ్. మెడ మీద గా గాటేంది?"

నాకు ఒళ్ళు మండింది. మా వైపు ఇరవయ్యారేళ్ళకు కనబడ్డ మనిషిని, వాడు చావబోతున్నా సరే, "మీరేం మారలేదండీ" అనాలి. అది మర్యాద. సుగుణ నా మొహం చూసి నవ్వింది. "తిట్టు గాదు మామయ్యా. బాపు సూశిండు, సూశింది చెప్పిండు. సూశి చెప్పకపోతే దాశిపెట్టినట్టు మా దాంట్ల."

ఒక సంగతి ఒప్పుకోవాలి. నా మెడ మీది గాటు మా ఇంట్లో ఏడాదిగా అందరూ చూస్తున్నారు, ఒక్కరూ ఎత్తరు. చూడనట్టుండటం గౌరవమని వాళ్ళ ఉద్దేశం. యోహాను మాత్రం గుమ్మంలోనే నిలబెట్టి ఎక్కడ కోశారు, ఎన్ని కుట్లు, నొప్పి ఉందా, అన్నీ అడిగి వేలితో తడిమి చూశాడు. ఆపరేషన్ గురించి మనస్ఫూర్తిగా మాట్లాడింది ఆ గుమ్మంలోనే.

సర్వపిండి

రత్నం వంటింట్లోంచి వచ్చింది. యాభై ఎనిమిదేళ్ళు, జుట్టు సగం తెల్లబడింది. నన్ను చూసింది. చేతులు కదపలేదు. పళ్ళెం నా ముందు పెట్టి కూర్చుంది. వేడి వేడి సర్వపిండి. మేం తపాలచెక్క అంటాం గానీ మా వైపు ఇన్ని నువ్వులు వెయ్యరు.

నేను అలవాటు కొద్దీ కుర్చీ గోడకు జరుపుకుని కూర్చున్నాను. యోహాను నేను కూర్చుని ఉండగానే కుర్చీని బరబరా ఈడ్చి మధ్యకు లాగాడు. వాళ్ళింట్లో వరసగా కూర్చోరు, గుండ్రంగా కూర్చుంటారు. ప్రతి మొహమూ ప్రతి మొహానికీ కనబడాలి. మన పంక్తి భోజనాల్లో పక్కవాడు ఏడుస్తున్నా తెలియదు కదా. ఇక తినేటప్పటి చప్పుడు చెప్పనలవి కాదు. గిన్నెలు ధనధన, చాయ్ జుర్రుజుర్రున. మా అమ్మయితే ఆ జుర్రుకు వీపు పగలగొట్టేది.

"ఎవలకు ఇనపడాలని మామయ్యా సప్పుడు లేకుంట తాగుడు?" అంది సుగుణ.

నేను గొంతు తగ్గించి, "మీ అమ్మ కోపంగా ఉందా?" అని సుగుణను అడిగాను. ఆ పిల్ల నాకు జవాబివ్వకుండా, నేనన్నది అన్నట్టే చేతులతో వాళ్ళమ్మకు చెప్పేసింది! కంగారుపడ్డాను.

"నీకొక్కదానికే చెప్పానమ్మా!"

"గదే చెయ్యద్దు. అమ్మ ముంగట చేతుల్లేకుంట మాట్లాడితే చెవులు కొరుక్కున్నట్టు. మా ఇంట్ల అది పెద్ద తప్పు. ఇంకోటి, 'మీ అమ్మ' అని నన్నడుగకు. ఆమె నీ ఎదురుంగనే ఉన్నది. ఆమెనే సూసి అడుగు. నేను ఉత్త గొంతును. ఆమె చెప్పేటివి 'నేను' అనే చెప్తా, పరేషాన్ గాకు."

రత్నం చేతులు అప్పుడు మొదటిసారి నా వైపు కదిలాయి. సుగుణ గొంతు పలికింది: "కోపం సంగతి తర్వాత. సల్లారుతది, తిను."

సాయంత్రం, యోహాను కూడా ఉండగా, నేను నెల రోజుల నుంచి కూడబలుక్కున్న మాటలు చెప్పాను. రత్నం ముందు నిలబడి, చేతులు కట్టుకుని, తల దించుకుని చెప్పాను. మనకు తెలిసిన క్షమాపణ అదే కదా. తల ఎంత వంచితే అంత పశ్చాత్తాపం. సుగుణ చేతులతో చెబుతూనే ఉంది. మధ్యలో నేల అదిరింది. రత్నం కాలితో దబ్బున తన్నింది. నా మీద కోపమే, ఉండాల్సిందేనని ఇంకా తల వంచాను. మళ్ళీ తన్నింది. ఇంకా వంచాను. భుజానికి ఏదో తగిలింది, నూలు ఉండ. కొట్టనీ అనుకున్నాను. నా మాటలు పూర్తయి తల ఎత్తేసరికి ఎదురుగా కుర్చీ ఖాళీ. అప్పుడే తలుపు మూసుకున్న చప్పుడు.

సుగుణ కళ్ళలో నీళ్ళున్నాయి గానీ గొంతులో కోపమే ఎక్కువ. "తలకాయ ఎందుకు ఎత్తలే మామయ్యా? కాలు తన్నుడంటే 'ఇటు సూడు' అని. నూలుండ ఏశినా గంతే, పిలిచినట్టు. మూడుసార్లు పిలిచింది. నీకు జవాబు చెప్దామని కూసున్నది. నువ్వు నీదంత చెప్పి ఆమె మాట ఇనకుంట కండ్లు కిందికేసుకుంటివి. గిప్పుడు చేతులు పట్టుకోలే, గంతే తేడా."

 క్షమాపణ అడుగుతూనే అదే తప్పు మళ్ళీ చేసి కూర్చున్నాను.

మగ్గాల షెడ్డు

శనివారం పొద్దున రత్నం నాకు ఉప్మా పెట్టింది, నావైపు చూడలేదు. వాళ్ళలో చూపు తిప్పుకోవడమంటే తలుపు వేసేయడమే. యోహాను జాలిపడి నన్ను తను నేసే షెడ్డుకు తీసుకెళ్ళాడు. నాలుగు మగ్గాలు, చెవులు చిల్లులుపడే మోత. నేసేవాళ్ళలో ఇద్దరు వినపడేవాళ్ళు. వాళ్ళిద్దరూ ఒకరి చెవిలో ఒకరు గావుకేకలు పెట్టుకుంటున్నారు, అయినా సగం అందడం లేదు. యోహానూ అతని నేస్తం ఏసుదాసూ మాత్రం ఆ మూల నుంచి ఈ మూలకు తీరిగ్గా ముచ్చట్లాడుకుంటారు. అయితే మాటాడాలంటే మగ్గం ఆపాలి, నెయ్యాలంటే మాట ఆపాలి. అందుకే షావుకారుకు వినపడేవాళ్ళంటే ఇష్టమట. వాళ్ళు వాగుతూ కూడా నేస్తారు. ఆరడుగుల దర్రీ పదిహేను వందలన్నారు. నీలి గళ్ళది ఒకటి పక్కన పెట్టించాను.

అక్కడ రెండు పొరపాట్లు చేశాను. ఏసుదాసూ యోహానూ మాట్లాడుకుంటుంటే వాళ్ళ మధ్య నుంచి దాటాల్సివచ్చి, మన పద్ధతిలో ఆగి, వంగి, చెయ్యి చాపి, "క్షమించండి, ఒక్క నిమిషం" అన్నాను. వాళ్ళిద్దరూ చెరో పక్కనుంచి మెడలు సాచి నన్ను తిట్టుకుంటున్నారు. గమ్మున నడిచిపోతే రెప్పపాటు అడ్డు. మర్యాద చేసేసరికి అర నిమిషం అడ్డు! రెండోది, వాళ్ళ పనికి భంగం ఎందుకని చప్పుడు కాకుండా బయటికి జారుకుని సందు చివర పది రూపాయల చాయ్ తాగుతూ కూర్చున్నాను. పావుగంటకు యోహాను, ఏసుదాసు, వెనకాలే ఇంటి దగ్గర్నుంచి రత్నం పరుగెత్తుకొచ్చారు. చెప్పకుండా పోతే వెనక నుంచి కేకేసి పట్టుకోగలిగినవాళ్ళు కారు వాళ్ళు. అందుకే అక్కడ ఎవరు లేచినా, పెరట్లోకయినా సరే, చెప్పి లేస్తారు. రత్నం ఆయాసంతో రొప్పుతూ నన్ను చూసింది. పొద్దుటినుంచీ అదే మొదటి చూపు. వెంటనే తిప్పేసుకుంది. అయినా నా కోసం పరుగెత్తింది కదా అనుకుని ఆ చల్లారిన చాయ్ తాగేశాను.

ఖిలా వరంగల్

మధ్యాహ్నం సుగుణ అందర్నీ కోటకు బయల్దేరదీసింది. రాతి తోరణాల కింద యోహాను ఒక్కో చెక్కడాన్నీ మగ్గం మీది గళ్ళతో పోల్చి చూపించాడు. ఆకలేసి బయట ఒక మిర్చి బజ్జీల బండి దగ్గర ఆగాం. ప్లేటు ముప్ఫై. బండాయన రత్నం చేతులు చూడగానే ఆమెను వదిలేసి నాతో, "ఈ అవ్వకు ఏం గావాల్నట? కారం తింటదా?" అన్నాడు.

నాకు పూనకం వచ్చింది. "ఏమయ్యా, మనిషి నీ ఎదురుగా నిలబడి ఉంటే నన్నడుగుతావేం? ఆమెకు కళ్ళు లేవా? చెయ్యి లేదా? నీ బండి మీద ఉన్నవి నాలుగు రకాలు, వేలు పెట్టి చూపించలేదా?" అని వీధి దద్దరిల్లేట్టు అరిచాను. గొంతు ఆపరేషన్ సంగతి కూడా మరిచాను. నిన్న మధ్యాహ్నం సుగుణతో నేను చేసిందీ అదే పనని నాకు తెలుసు. అందుకే అంత అరిచాను.

రత్నం నా భుజం మీద గట్టిగా చరిచింది. తిరిగాను. నా కళ్ళలోకి చూస్తూ చేతులు ఆడించింది. సుగుణ పక్కనే ఉంది: "నువ్వు ఒర్రకు. నా లొల్లి నేను చేసుకుంటా. ఎప్పటికీ చేసుకుంటనే ఉన్న."

తర్వాత బండి రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలేసింది. బండాయన ఉలిక్కిపడి ఆమె మొహం చూశాడు. మిర్చి చూపించింది, రెండు వేళ్ళు చూపించింది, ఉల్లిపాయ వద్దని చెయ్యి ఊపింది. ఆయన తల గీరుకుని, "గట్లనే అవ్వా, గింత కోపమెందుకు," అని నవ్వుతూ ఇంకోటి ఎక్కువే వేశాడు. ఆ ఎక్కువదాన్ని రత్నం నా పళ్ళెంలో పడేసింది.

కళ్ళు తెరిచిన ప్రార్థన

ఆదివారం వాళ్ళ ఆరాధన ఒక బడి గదిలో. ముప్పైమంది ఉంటారు. పల్లెల నుంచి బస్సుల్లో వచ్చినవాళ్ళే ఎక్కువ. బెంచీలు అర్ధచంద్రంగా వేశారు. పాట చేతులతో పాడారు. తాళం కోసం పెద్ద డప్పు నేల మీద పెట్టి వాయించారు. ఆ మోత బెంచీలోంచి వెన్నులోకి ఎక్కింది. రేడియోల్లో ఎన్ని పాటలు విన్నానో లెక్కలేదు, వెన్నుతో విన్నది ఇదొక్కటే.

ప్రార్థన చేద్దామన్నారు. డెబ్బై ఏళ్ళ అలవాటు, నా కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి. ఎవరో తొడ మీద గట్టిగా గిల్లారు. పక్కన నాకంటే ముసలి అవ్వ. తన రెండు కళ్ళనూ వేళ్ళతో విప్పదీసి చూపించి, నన్ను మందలించింది. సుగుణ చేతులు కూడా కదుపుతూ మెల్లగా చెప్పింది: "నీ గొంతు కోసమే ప్రార్థన చేస్తాన్రు మామయ్యా. కండ్లు మూస్తే ఎట్ల ఇంటవ్?"

చూశాను. ముప్పై జతల కళ్ళు తెరిచి నన్ను చూస్తున్నాయి. ముందు నిలబడ్డాయన చేతులు నా మెడను, గాటును, మేఘంలాంటి దేన్నో, మళ్ళీ నా మెడను చూపుతున్నాయి. నా కోసం ప్రార్థించిన మొహాల్ని నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. కళ్ళు మూసుకునేవాణ్ణిగా. రత్నం కూడా ఆ వరసలో ఉంది, చేతులు కదుపుతోంది.

నేను కళ్ళు మూసుకోలేదు. ఆ గిల్లిన అవ్వకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. ఆమె పేరు కూడా అడగలేదు.

అదే కుర్చీ, అదే మాట

ఇంటికొచ్చి బగారన్నం, కోడికూర తిన్నాక, కుర్చీ నేనే మధ్యలోకి లాక్కుని రత్నం ఎదురుగా కూర్చున్నాను. తల ఎత్తి చెప్పాను. "నాన్న కూడికలో నీ చేతులు పట్టుకున్నాను. తప్పు చేశాను." అంతే. నెలరోజులు కూడబలుక్కున్నదాంట్లో మిగిలింది అంతే. తల వంచుకుని చెప్పడం ఎంత సులువో అప్పుడు తెలిసింది. ఎదుటి మొహంలో మన మాట ఎక్కడ తగులుతుందో చూడనక్కరలేదు.

రత్నం అడిగింది: "గా రోజు నేను ఏం మాట్లాడుతాన్ననో నీకెర్కనా?"

"తెలియదు."

"'పాస్టరు మా నాయిన గురించి ఏం చెప్తాండు' అని మీ బావను అడుగుతాన్న. ఆయనకూ ఇనపడదు. అయినా ఎవలనో ఒకలను అడగాలె గద. వచ్చిన కాన్నించి అందరినీ అడిగిన. ఆఖర్న మా నాయిన ఏమన్నడు అని. అందరు ఏడ్సుకుంట నా తల నిమిరిన్రు. ఒక్కలు చెప్పలే. ఇప్పుడు చెప్పు. ఏమన్నడు?"

ఇరవయ్యారేళ్ళుగా అది ఆ ప్రశ్నతో ఉంది. నాకు జవాబు తెలుసు. నేను ఏదీ మరిచిపోయేవాణ్ణి కాదు, అదే నా జబ్బు. ఒక్క క్షణం, నాన్న నిన్ను దీవించి కన్నుమూశాడమ్మా అని తియ్యగా చెప్పి తప్పించుకుందామనిపించింది. మనవాళ్ళంతా అలాగే చెబుతారు. కానీ చూసింది చెప్పకపోతే దాచినట్టేనన్న ఇల్లు అది.

"మూడు రోజులు మంచం మీద ఉన్నాడు. మాట పోలేదు. 'రత్నం బయల్దేరిందా' అని రెండుసార్లు అడిగాడు. 'బయల్దేరింది నాన్నా, దారిలో ఉంది' అన్నాను. అబద్ధం. నీకు టెలిగ్రాం ఇచ్చింది ఆయన పోయాకే. చిన్నపిల్లతో నిన్నెందుకు తిప్పడం, వచ్చినా నీకేం తెలుస్తుందిలే అనుకున్నాను. అలా అనుకున్నది నేనే. ఇంకెవరూ కాదు."

సుగుణ చేతులు మధ్యలో ఒకసారి ఆగాయి. ఆ చిన్నపిల్ల తనే. మళ్ళీ కదిలాయి, మొత్తం చెప్పింది.

రత్నం కళ్ళు మూసుకుంది.

మనం మాట మధ్యలో కళ్ళు మూసుకుంటే ఏం కాదు. అక్కడ అది గదిలోంచి లేచిపోవడం. యోహాను ఆమె భుజం తట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నేను తల దించలేదు. ఆ మొహాన్నే చూస్తూ కూర్చున్నాను. రెప్పల కింద నుంచి నీళ్ళు కారాయి.  కళ్ళు తెరిచినప్పుడు ఆమె మొహం ఎర్రగా ఉంది. చేతులు పెద్ద పెద్దగా, గాలిని కొడుతున్నట్టు కదిలాయి.

"ఇది పెద్ద తప్పు. చేతులు పట్టుకున్నదాని కన్న పెద్దది. మర్శిపోత అనుకోకు, మరవ." చీర చెంగుతో మొహం తుడుచుకుంది, చూపు మాత్రం నా మీదనుంచి తీయలేదు. "ఇంక? రెండుసార్లు నన్ను అడిగిండు. మిగిలింది చెప్పు. ఏం తిన్నడు? ఎవలెవలు వచ్చిన్రు? ఏ పక్కకు తిరిగి పండుకున్నడు? అంత చెప్పు."

చెప్పాను. మొదటి రోజు గంజి తాగి కక్కుకున్నాడని. మేక ఈనిందా అని కనుక్కున్నాడని. తలకింద దిండు వద్దని చెయ్యి పెట్టుకున్నాడని. రెండోరోజు వానకు ఇల్లు కురిస్తే మంచం జరిపామని. మంగలి వచ్చి గడ్డం గీస్తే అద్దం అడిగి చూసుకున్నాడని. నాకు పనికిరానిదనుకున్న జ్ఞాపకం ప్రతిదీ దానికి కావలసివచ్చింది. వరస తప్పితే ఆపి, "ఇది ముందా, అది ముందా" అని నిలదీసింది. అద్దం సంగతికి నవ్వింది కూడా.

వీడ్కోలు

మా మధిరలో చుట్టం లేచి "ఉంటాను మరి" అంటే, "మంచిది" అంటాం, అయిపోతుంది. అక్కడ నా అయిదు గంటల బండి కోసం మూడింటికే వీడ్కోలు మొదలైంది. కుర్చీలోంచి లేచినప్పుడు ఒక అరగంట. గుమ్మంలో ఒక అరగంట. ఏసుదాసు దర్రీ మోసుకొచ్చాడు, అతనితో మళ్ళీ మొదటినుంచి. నేను మాటిమాటికీ గడియారం చూస్తుంటే సుగుణ అంది: "మా దాంట్ల గింతే మామయ్యా. ఊళ్ళె ఒక్కలే ఉండేటోళ్ళు వీళ్ళు. ఎన్కట ఫోన్లు లేవు. మాట్లాడే మనిషి దొరికితే ఇడిశిపెట్టబుద్ధి గాదు. గిప్పుడు ఫోన్లున్నా ఆ అలవాటు పోలే."

ఆ బండి అందలేదు. మర్నాటి పొద్దుటి బండికి వచ్చాను. మా ఇంట్లో ఈ సంగతికి నన్ను తిట్టారు, తిట్టనివ్వండి.

ఆ పొద్దున ఆటో సందు మొదట్లో ఆగి ఉంది, దాన్ని ఇంకాసేపు ఆపమని సుగుణ అటు వెళ్ళింది. రత్నం నా చెయ్యి పట్టి ఆపింది. ఇప్పుడు మా మధ్య గొంతు లేదు. అది మీసం దువ్వినట్టు చేసింది. చిన్నప్పటినుంచీ మా ఇంట్లో దానికి నాన్నంటే అదే. తర్వాత తన రవిక అంచు పట్టి చూపించింది, రెండు చేతులూ చాపి పడుకోబెట్టినట్టు, పైన మట్టి కప్పినట్టు. కనుబొమలు పైకెత్తింది.

నాన్నను ఏ బట్టల్లో మట్టి చేశామని అడుగుతోందని అర్థమయింది. నా ఛాతీ మీద వేళ్ళతో పైనుంచి కిందికి చారలు గీశాను. చారల చొక్కా.

రత్నం సందులో ఆరేసిన నూలు దగ్గరకు నడిచింది. ఎర్రది ముట్టి నన్ను చూసింది. తల ఊపాను, కాదని. పచ్చది. కాదు. నీలం. అది కాదు, దాని పక్కనున్న ముదురుదని వేలు చూపించాను. ఆ నూలు చిలపను రెండు చేతుల్లోకి తీసుకుని మొహం దగ్గరగా పెట్టుకుని చూసింది. ఇంకా తడి ఆరలేదేమో, వేళ్ళకు రంగు అంటింది. సందు మొదట్లో ఆటోవాడు హారన్ కొడుతూనే ఉన్నాడు. రత్నం నావైపు తిరిగి మళ్ళీ కనుబొమలెత్తింది, జేబు ఉందా అని ఛాతీకి ఎడమ పక్క చూపిస్తూ.